గురువారం ఆరున్నర, మెస్ వరండా: చిన్న క్యాంపస్‌లో పాట నడపాలంటే

మొన్న మా జూనియర్ ఒకడు ఫోన్ చేసినాడు, అన్నా మన దగ్గర పాటల క్లబ్ మళ్ళీ లేపాలనుకుంటా ఉన్నాం, మీరప్పుడు ఎట్లా నడిపినారో ఒక అయిదు నిమిషాల్లో చెప్పన్నా అని. అయిదు నిమిషాల్లో అయ్యేదా అది. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా కూడా పనికొస్తాది. మాది తిరుపతి బయట ఉండే చిన్న యూనివర్సిటీ, పేరెందుకులే, అన్ని కోర్సులూ కలిపినా ఎనిమిది వందల మంది ఉంటారేమో. ఎస్వీ యూనివర్సిటీకి ఉన్నట్టు శ్రీనివాస ఆడిటోరియం మాకు లేదు, పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఉన్నట్టు సంగీతం డిపార్ట్‌మెంటూ లేదు. మాకుండేది ఒక మెస్సు, దాని ముందర ఒక వరండా, ఎవరో ఎప్పుడో కొన్న ఒక మైకు సెట్టు. నాలుగేళ్ళు దాంతోనే లాగించినాం.

ముందుగా చెప్పాల్సింది, యాన్యువల్ డేతో మొదలుపెట్టొద్దు. అందరూ అక్కడే బోల్తా పడతారు. జనవరిలో కమిటీ వేస్తారు, ఫిబ్రవరిలో బ్యానర్ కొట్టిస్తారు, వారం ముందు నుంచి రాత్రంతా ప్రాక్టీసు చేసి గొంతులు పోగొట్టుకుంటారు, ఆ రోజు డీజే వచ్చి అందర్నీ మింగేస్తాడు, మర్నాటి నుంచి క్లబ్బూ లేదు ఏమీ లేదు. అది గంగ జాతర మాదిరి, ఏడాదికోసారి వస్తాది పోతాది. మీకు కావాల్సింది వారం వారం జరిగేది. ఒక రోజు, ఒక టైము, ఒక తావు, ఈ మూడూ మార్చకుండా పెట్టుకోండి. మేం గురువారం సాయంత్రం ఆరున్నర అనుకున్నాం, ఎందుకంటే శుక్రవారం సాయంత్రానికి సగం హాస్టల్ బ్యాగు సర్దుకోని చిత్తూరు, మదనపల్లె, కాళహస్తి బస్సులెక్కేస్తాది, సోమ మంగళవారాలు రికార్డులు రాసుకునే గోల, బుధవారం ఎందుకో ఎవరూ రారు, కారణం నాకు ఇప్పటికీ తెలీదు.

సెమినార్ హాల్ అడగొద్దు. ఇస్తామన్నా వద్దనండి. హాలంటే లెటర్ రాయాలి, సంతకం కావాలి, తాళం ఎవరి దగ్గరుందో వెతకాలి, ఆ తాళం ఆయన ఆ రోజు లీవు. పైగా హాలుకి రావాలంటే మనిషి రావాలని ముందే అనుకోవాలి. మెస్ వరండా అట్లా కాదు, తిండికి ఎట్లాగూ వస్తారు, అన్నం ఏడున్నరకి పెడతారు కాబట్టి ఏడుకే చేరి గమ్మున నిలబడతారు, నిలబడినోళ్ళు కాసేపటికి కూర్చుంటారు. మొదటి గురువారం మేం అయిదుగురం, అందులో ఇద్దరు వైఫై సిగ్నల్ అక్కడే బాగుంటాదని వచ్చినోళ్ళు. వాళ్ళల్లో ఒకడు రెండో ఏడాది మా కంజీర (చేత్తో పట్టుకోని వాయించే చిన్న డప్పు) ఆర్టిస్టు. కాబట్టి నలుగురొచ్చినా నడపండి, పరీక్షల వారం తప్ప ఎప్పుడూ ఆపొద్దు, వాన పడితే లోపల బల్లల మధ్య కూర్చోండి.

గంట సేపు ఎట్లా గడపాలి అంటే, పెద్ద ప్లాన్ అక్కర్లేదు. ముందు ఒక అయిదు నిమిషాలు ఫోన్‌లో తంబూర యాప్ పెట్టి అందరూ సా పట్టుకోవాలి, నవ్వొస్తాది, నవ్వనీండి. తర్వాత అందరూ కలిసి ఒకే పాట, నెలకి ఒకటే పాట, నాలుగు వారాలూ అదే. తర్వాత ఎవరైనా ఏమైనా. చివర పావుగంట సినిమా పాటలు. మా దగ్గర ఒక్కటే రూలు, మొదటి ముప్పావు గంట కరోకే ట్రాక్ వద్దు. దీని మీద శానా గొడవలు జరిగినాయి, శాస్త్రీయం వాళ్ళ పెత్తనం అన్నారు, అది కాదు సంగతి. ట్రాక్ పెడితే శ్రుతి, అంటే మన సా ఎంత ఎత్తులో ఉండాలనేది, ఆ ట్రాక్ చెప్పినట్టు, మీ గొంతు చెప్పినట్టు కాదు. ఎవడో గొప్ప గాయకుడు పాడిన స్థాయిలో మా సివిల్ బ్రాంచి పిల్లోడు పాడబోయి పల్లవిలోనే గొంతు చీరుకుంటాడు, మళ్ళీ వాడు ఈ జన్మలో మైకు ముట్టుకోడు.

శ్రుతి గురించి కొంచెం జాస్తిగా చెప్తా, ఎందుకంటే తొంభై శాతం తిప్పలు ఇక్కడే. మగపిల్లలకి మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు దగ్గర సరిపోతాది, అంటే కీబోర్డు మీద సీ, సీ షార్ప్, డీ. ఆడపిల్లలకి అయిదు, అయిదున్నర, అంటే జీ, జీ షార్ప్. ఇప్పుడు ఇద్దర్నీ కలిపి గ్రూప్ సాంగ్ పాడిస్తే ఎవరో ఒకరు చావాలి. అయిదులో పెడితే అబ్బాయిలు పై షడ్జమం, అంటే పై సా దగ్గర పిల్లి అరిచినట్టు అరుస్తారు, ఒకటిలో పెడితే అమ్మాయిల గొంతు కింద వినపడనే పడదు. మేం తిప్పలు పడి పడి చివరికి నాలుగు మీదకి వచ్చినాం, అంటే ఎఫ్. పై షడ్జమం దాటని పాట తీసుకుంటాం, అది కూడా అందని అబ్బాయిలు కింది స్థాయిలో పాడతారు, వినేదానికి అదీ ఒక నిండుగానే ఉంటాది.

అట్లా నాలుగులో పెట్టినాక మృదంగం వాడు లేచి నా మృదంగం ఒకటి శ్రుతిది, నేను వాయించను అంటాడు. మృదంగం అంటే ఫోన్‌లో మార్చుకున్నట్టు శ్రుతి మార్చుకునేది కాదు, రాయితో తోలు వారు మీద కొట్టి అర శ్రుతి అటూ ఇటూ జరపొచ్చు, అంతే. కానీ భయపడొద్దు, నాలుగు శ్రుతికి పంచమం, అంటే పా, ఎక్కడ వస్తాది? ఒకటి దగ్గరే. కాబట్టి ఒకటి శ్రుతి మృదంగం నాలుగు శ్రుతి పాటకి పంచమంలో చక్కగా కూర్చుంటాది. ఈ ముక్క మాకు చెప్పింది ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో సాయంత్రం క్లాసుకి పోయే మా మెస్ క్యాషియర్. అప్పటిదాకా ఆయనకి మృదంగం వచ్చని మాకెవరికీ తెలీదు, ఇడ్లీ టోకెన్లు చింపే మనిషి అనుకున్నాం అంతే. వాయించే ముందు ఎడమ వైపు రవ్వ ముద్ద అద్దాలి, అది ఎండిపోతే గుమ్మనే బరువైన శబ్దం రాదు, అందుకని మొదటి పాటకి పది నిమిషాల ముందు అద్దమనండి, గంట ముందు కాదు. రవ్వ మెస్‌లో అడిగితే ఇస్తారు, ఉప్మా రవ్వే.

ఏం పాట నేర్చుకోవాలి అంటే తిరుపతిలో ఉండి ఆ ప్రశ్న అడగకూడదు. అన్నమయ్య ఉన్నాడు కదా. గ్రూపుకి అన్నమయ్య ఎందుకు బాగుంటాడంటే పల్లవి చిన్నది, మూడు చరణాలు, ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగొస్తాది, చరణం రానోడు పల్లవి అందుకుంటాడు. అయితే దీంట్లో మాకు ఒక తూరి పెద్ద రచ్చ అయింది. ఇద్దరమ్మాయిలు, ఒకే కీర్తన, రెండు బాణీలు. ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ నేర్పిందంటాది, ఇంకో అమ్మాయి టీటీడీ క్యాసెట్‌లో ఇట్లానే ఉందంటాది, ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు. తర్వాత ఒక పెద్దాయన్ని అడిగితే నవ్వి చెప్పినాడు, అన్నమయ్య కాలం 1408 నుంచి 1503 దాకా, ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద భాండాగారంలో పెట్టినారు, ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు, మనం ఇప్పుడు వినే బాణీలు శానా మటుకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఇట్లాంటి పెద్దోళ్ళు కట్టినవి, అందుకే ఒకే పాటకి రెండు మూడు ఉంటాయమ్మా, ఇద్దరిదీ సరైనదే అని. కాబట్టి మీ దగ్గర ఈ గొడవ వస్తే, వస్తాది, నెలకి ఒక బాణీ అనుకుని ముందుకి పోండి.

నేర్చుకునేదానికి ఊర్లో తావులకి కొరత లేదు. ఇందాక చెప్పిన ఎస్వీ కళాశాల, టీటీడీది, దాంట్లో గాత్రం, వీణ, వయొలిన్, ఫ్లూటు, మృదంగం, భరతనాట్యం, కూచిపూడి, హరికథ కూడా నేర్పిస్తారు, నాదస్వరం డోలుకి వేరే పాఠశాలే ఉంది. అన్నమాచార్య కళామందిరంలోనో మహతి ఆడిటోరియంలోనో ఏదో ఒకటి జరగతానే ఉంటాది, శానా మటుకు టికెట్టు లేకుండా వినొచ్చు, నెలకి ఒక తూరి అందరూ కలిసి పోయిరండి. పెద్ద కళాకారులు మీ క్యాంపస్‌కే రావాలంటే స్పిక్ మెకే అనే సంస్థ ఉంది, ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ 1977లో మొదలుపెట్టింది, విద్యార్థుల కోసమే, టికెట్టు ఉండదు, కాకపోతే వచ్చినాయన్ని చూసుకునే పని పూర్తిగా మీదే, స్టేషన్‌కి పోయి తీసుకురావడం నుంచి వేడినీళ్ళ దాకా.

సరే, ఇప్పుడు అసలు సంగతి. చిన్న క్యాంపస్‌లో కళాకారులు క్లాసుల్లోనే ఉంటారనుకోవద్దు. మా గేటు దగ్గర ఒక సెక్యూరిటీ అన్న, చిత్తూరు పక్క పల్లె ఆయనది. ఏడాది పాటు ఆయన ముందర నుంచే ఐడీ కార్డు ఊపుకుంటా పోయినాం. ఒక గురువారం కరెంటు పోయింది, జనరేటర్ హాస్టల్‌కి మాత్రమే, వరండా చీకటి. ఆయన టార్చి కొట్టుకుంటా వచ్చి ఏం నాయనా చీకట్లో ఏం చేస్తా ఉండారు అన్నాడు. పాడతా ఉంటిమి అన్నా, మైకు పనిచేయట్లా అని చెప్పినాం. "పాటకి కరెంటు ఎందుకబ్బా" అన్నాడు. టార్చి నేల మీద నిలబెట్టినాడు, వెలుగు పైకి రేకుల కప్పుకి పోయింది. టోపీ తీసి ప్లాస్టిక్ కుర్చీలో పెట్టినాడు, బెల్టు ఒక బొక్క వదులు చేసుకున్నాడు, కుడి చెయ్యి చెవి మీద పెట్టుకోని దుర్యోధనుడి పద్యం ఎత్తుకున్నాడు. పద్యం నాలుగు పాదాలే, కానీ చివరి పాదం తర్వాత ఆయన తీసిన రాగం ఉంది చూడండి, లోపల మెస్‌లో గంటె చప్పుడు ఆగిపోయింది, పిండి చేతులతో వంట మాస్టర్ బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడినాడు. అయినాక ఆయన టోపీ తీసుకోని, గేటు దగ్గర ఎవరూ లేరు పోవాల అని పోయినాడు.

చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఎండాకాలం భారతం జరుగుతుంది, తెలీనోళ్ళ కోసం చెప్తున్నా, శానా ఊర్లలో పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి తెల్లారేదాకా వీధినాటకం, మధ్యలో అర్జున తపస్సుకి పెద్ద మాను నాటి వేషగాడు పద్యాలు పాడుకుంటా పైకెక్కుతాడు, చివరి రోజు మట్టితో నేల మీద అంత పొడుగు దుర్యోధనుడి బొమ్మ చేసి వధ చేస్తారు, సాయంత్రం నిప్పుల గుండం. మా సెక్యూరిటీ అన్న వాళ్ళ ఊర్లో ఆ దుర్యోధనుడి వేషం ఎన్నో ఏళ్ళుగా ఆయనదే. మేం కుప్పం ద్రవిడ విశ్వవిద్యాలయంలో జానపదం చదివినోళ్ళని ఎవర్నైనా పిలిచి లెక్చర్ పెట్టిద్దాం అని ప్లాన్లు వేస్తా ఉంటే, దుర్యోధనుడు మా గేటు తీస్తా మూస్తా ఉన్నాడు.

ఇట్లాంటి వాళ్ళని ఎట్లా పిలవాలో కూడా ఒక పద్ధతుంది. అన్నా వచ్చి పెర్ఫామ్ చెయ్యి అంటే రారు. ముందు వాళ్ళ సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఆ గంటకి డ్యూటీ మార్పించండి, లేకపోతే పాట మధ్యలో వాకీటాకీ అరుస్తాది, మర్నాడు ఆయనకి చీవాట్లు. మూడు నిమిషాలు ఇచ్చి తొందరపెట్టొద్దు, వీధినాటకం మనిషికి గొంతు వేడెక్కేదానికే పది నిమిషాలు కావాలి, ఇరవై అయినా ఇవ్వండి. శాలువా కప్పి ఫోటో తీసి పంపించేయడం అన్నిటికంటే అన్యాయం. పలకలు, అంటే తోలు డప్పులు, వాయించేవాళ్ళని పిలిస్తే డబ్బులు మాట్లాడుకునే పిలవండి, వాళ్ళకి అది బతుకుదెరువు, క్లబ్బులో మనిషికి 20 రూపాయలు వేసుకున్నా సరే. మా అన్న తర్వాతి నెల ఇద్దర్ని తీసుకొచ్చినాడు, సాయంత్రం చెమ్మకి పలక తోలు సడలిపోయి మొద్దుగా మోగతా ఉంటే మెస్ వెనక ఎండు కొబ్బరాకులు, పాత పేపర్లు వేసి మంట పెట్టినారు. పలకని మంట మీద కాదు, మంటకి ఒక మూరెడు దూరంలో పట్టుకోని చపాతీ కాల్చినట్టు తిప్పతా ఉండాలి, మధ్యలో వేలి కణుపుతో టక్కుమని కొట్టి వినాలి, ఆ శబ్దం లోహం మాదిరి ఖంగుమనేసరికి చాలు. ఎక్కువ కాస్తే తోలు చిట్లుతాది. కాబట్టి వార్డెన్‌కి ముందే చెప్పి పెట్టండి, మా వార్డెన్ పొగ చూసి బకెట్టుతో పరిగెత్తుకొచ్చినాడు పాపం.

లెక్చరర్లకి ఇదంతా టైం వేస్ట్ అనిపిస్తే వాళ్ళకి మదనపల్లె కథ చెప్పండి. 1919 ఫిబ్రవరిలో టాగూరు మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినాడు, అప్పుడు అది చిత్తూరు జిల్లానే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్‌కి సంగీతం వచ్చు. అక్కడ పిల్లల పాటల కూటమిలో టాగూరు జనగణమన పాడినాడు, అక్కడే ఉన్నప్పుడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చినాడు, బాణీని స్వరాల్లో రాసింది మార్గరెట్. అదేం పెద్ద యూనివర్సిటీ కాదు, చిన్న ఊర్లో చిన్న కాలేజీ. మా ఫిజిక్స్ సార్ ఈ కథ విన్న తర్వాతి వారం హార్మోనియం తెచ్చినాడు. వాయించడం అంతగా రాదు, అది వేరే విషయం.

ఏడాదికి ఒకటో రెండో పెద్ద సాయంత్రాలు పెట్టాలనుకుంటే తేదీ దగ్గర జాగ్రత్త. బ్రహ్మోత్సవాల టైంలో, అంటే సెప్టెంబర్ అక్టోబర్‌లో, అస్సలు పెట్టొద్దు, తిరుపతిలో వాయించేవాళ్ళూ దొరకరు, సౌండు వాళ్ళూ దొరకరు, బస్సులూ దొరకవు. నవంబర్‌లో ఆరుబయట పెడితే తుపాను గ్యారంటీ, 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. మేలో ఎండ, పరీక్షలు, గంగ జాతర, మగపిల్లలు సగం మంది చీర కట్టి వేషాలేసుకోని తాతయ్యగుంట దగ్గర ఉంటారు. జనవరి చివర నుంచి ఫిబ్రవరి అంతా బంగారం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని చట్టమే ఉంది, కాబట్టి 9:30కి ముగిసేట్టు రాసుకోండి, ముందే పోలీస్ స్టేషన్‌లో పర్మిషన్ లెటర్ ఇవ్వండి. సినిమా పాటలు పాడితే కాపీరైట్ ఏమన్నా వస్తాదా అని అడుగుతారు, విద్యాసంస్థ కార్యక్రమంలో స్టూడెంట్లు, స్టాఫు పాడి, వినేది కూడా వాళ్ళూ వాళ్ళ తల్లిదండ్రులూ అయితే చట్టంలో మినహాయింపు ఉంది. దాన్ని వీడియో తీసి నెట్‌లో పెట్టడం మాత్రం వేరే లెక్క.

సౌండు గురించి నాలుగు ముక్కలు. స్పీకర్లు మైకుల కంటే ముందర ఉండాలి, జనం వైపు తిరిగి ఉండాలి, వెనక పెడితే కూయ్‌మని కీచు వస్తాది, వచ్చినప్పుడు వాల్యూమ్ తగ్గించండి, మైకుని చేత్తో మూయొద్దు, మూస్తే ఇంకా ఎక్కువవుతాది. కండెన్సర్ మైకు తెస్తే మిక్సర్‌లో 48 వోల్టుల బటన్ నొక్కాలి, మేం ఈ సంగతి తెలీక అద్దెకి తెచ్చిన మైకు చెడిపోయిందని ఆ షాపాయనతో అరగంట గొడవ పడినాం, తప్పు మాదే. సోలో అయితే మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరం, ఆరుగురు పాడే గ్రూపుకి రెండు మైకులు చాలు, జానెడు దూరంలో. ముఖ్యమైనది, తంబూర యాప్ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మా క్లబ్బు అమ్మాయి ఒకామె ఆలాపన తీస్తా ఉంటే మిక్సర్‌కి తగిలించిన నా ఫోన్‌కి మా నాయన ఫోన్ చేసినాడు, రింగ్‌టోన్ నాలుగు స్పీకర్లలో మోగింది, అది ఏం రింగ్‌టోనో నేను చెప్పను.

యూత్ ఫెస్టివల్‌కి పోదామనుకునేవాళ్ళు ఫోన్‌లో టైమర్ పెట్టుకోని ప్రాక్టీసు చెయ్యండి, ఏఐయూ (దేశంలో యూనివర్సిటీలన్నిటి సంఘం) పోటీల్లో మైమ్‌కి, అంటే మూకాభినయానికి, 5 నిమిషాలు, స్కిట్‌కి 10, ఏకాంకికకి 30. స్కిట్ మొదటిసారి చదివినప్పుడు పది నిమిషాలు వస్తే స్టేజీ మీద నవ్వులతో కలిపి పన్నెండు అవుతాది, కాబట్టి ఎనిమిదికి కోయండి. మీ సొంత ఫంక్షన్‌లో కూడా టైము తినేది ఆర్టిస్టులు కాదు, సన్మానాలు. అతిథులందరికీ కలిపి అయిదు నిమిషాలు, మొదట్లోనే, పూలదండలు వద్దు, దండలు వేసేదానికి పిలిచే పేర్ల లిస్టులో ఎవరో ఒకరి పేరు మర్చిపోతారు, అది మూడేళ్ళు నడుస్తాది.

అయిపోయినాక ఎంత అలిసిపోయినా ఆ రాత్రే లెక్క పెట్టుకోండి, కేబుళ్ళు, స్టాండులు, జంపఖానాలు, మెస్ నుంచి తెచ్చిన స్టీలు గ్లాసులు. కేబుల్‌ని మోచేతికి చుట్టొద్దు, లోపల తీగ మెలిపడి తెగుతాది, పెద్ద చుట్టలుగా వదులుగా చుట్టి దారం కట్టండి. గ్లాసులు తక్కువొస్తే తర్వాతి గురువారం వరండాలో కూర్చోనివ్వరు, మాకు ఒక తూరి పదకొండు తక్కువొచ్చినాయి, తొమ్మిది మా రూముల్లోనే దొరికినాయి, ఒకటి గేటు దగ్గర దుర్యోధనుడి టీ గ్లాసు, ఇంకోటి ఫిజిక్స్ సార్ హార్మోనియం పెట్టెలో.